దారిబత్తెం కూర్చుకునే వేళ

ఫాల్గుణం ముగిసే రోజులలో, ఒడిశాలోని చిలికా సరస్సు ఉత్తరపు టంచున ఉన్న మంగళాజోడి గ్రామం నుంచి తెల్లవారుతూనే పడవలు కదులుతాయి. వాటికి యంత్రం ఉండదు. పడవవాడు గడ వేస్తూ తుంగల నడుమ దారి చేసుకుంటాడు.

లోతులేని నీటిలో, పొడవైన ముక్కులతో బురదను శోధిస్తూ నల్లతోక గాడ్విట్‌లు కనిపిస్తాయి. శీతకాలమంతా బూడిదవన్నెలో ఉన్న వాటి మెడలు ఇప్పుడు ఇటుకరంగుకు తిరుగుతున్నాయి. ప్రయాణం సమీపించిందనడానికి అదే గుర్తు. ఉత్తరాన వేల మైళ్ళ దూరంలోని పచ్చికనేలలపై అవి గూళ్ళు కట్టుకోవాలి. అందుకే ఇంత ఆత్రంగా మేస్తాయి; చర్మం క్రింద పేరుకునే కొవ్వే వాటికి దారిబత్తెం. బెదిరి ఎగిరిన ప్రతిసారీ ఆ బత్తెంలో కొంత ఖర్చయిపోతుంది.

కనుకనే పడవవాడు దూరాననే గడ ఆపి, మౌనంగా చేయి చూపుతాడు. పక్షి చూపు, అడుగు, అలికిడి తెలిసిన ఆ నేర్పు వేట నేర్పినదే. ఒకప్పుడు ఈ ఊరు పక్షుల వేటకు పేరుమోసింది. 2000 ప్రాంతంలో వేటగాళ్ళే కొందరు ముందుకు వచ్చి రక్షణ సమితిగా ఏర్పడ్డారు. చంపిన పక్షి ఒక్కనాటి కూలి. బ్రతికిన పక్షి ఏటేటా సందర్శకులను రప్పించే జీవనాధారం.

అయినా ఊరి కాపలా ఊరి పొలిమేర వరకే. ప్రపంచమంతటా ఈ జాతి సంఖ్య తగ్గుతున్నది. దారిలోని ప్రతి చిత్తడినేలా నిలిచి ఉంటేనే, వచ్చే శరత్తులో మంగళాజోడి పడవకు మళ్ళీ పని.