గొంతుక్కూర్చుని చూసి కొనండి

సేఫ్టీ షూస్ కొనడానికి వచ్చిన మనిషి మొట్టమొదట షూ ముక్కు మీద వేలి కణుపులతో కొట్టి చూస్తాడు. టకటకమని గట్టిగా మోగితే సరుకు మంచిదని నమ్ముతాడు. ఆ తర్వాత చేత్తో ఎత్తి బరువు చూస్తాడు. బరువుగా ఉంటే నాలుగు కాలాలు మన్నుతుందని లెక్క. నా దగ్గర పనికి చేరిన కుర్రాళ్ళను షాపుకు తీసుకెళ్తే నేను ఈ రెండింటి దగ్గరా ఆగనివ్వను. రెండు కాళ్ళకీ వేసుకుని, లేసులు బిగించి, అక్కడే గొంతుక్కూర్చోమంటాను. కాసేపు అలా కూర్చుని, ముందుకు వంగి, మునివేళ్ళ మీద బరువు వేసి లేవమంటాను. షాపతను వింతగా చూస్తే చూడనీ.

మాది ఫిట్టర్ పని. గాజువాక ఆటోనగర్ షెడ్లలో నేర్చుకున్నాను. తర్వాత విశాఖ చుట్టుపక్కల రోలింగ్ మిల్లులు, ఫౌండ్రీలు, రిఫైనరీ షట్‌డౌన్లు, ఓడల మరమ్మతులు అన్నీ చేశాను. ఫిట్టర్ నిలబడి చేసే పని తక్కువ. పంపు కప్లింగ్ అలైన్‌మెంట్ చూడాలన్నా, ఫౌండేషన్ బోల్టు బిగించాలన్నా, నేలకు జానెడు ఎత్తులో ఉన్న ఫ్లాంజికి గాస్కెట్ మార్చాలన్నా గొంతుక్కూర్చోవలసిందే. అలా కూర్చున్నప్పుడు పాదం వేళ్ళ మొదట్లో మడత పడుతుంది. షూ ముక్కులో వేళ్ళను కాపాడే ఇనుప టోపీ వెనక అంచు సరిగ్గా ఆ మడత మీదకు వస్తే, ప్రతిసారీ వేళ్ళ కణుపుల మీద నొక్కుతుంది. నిలబడినప్పుడు ఆ సంగతి తెలియనే తెలియదు. షాపులో నాలుగడుగులు నడిచి, బాగుందని కొనుక్కున్నవాడు మూడో రోజుకి కుంటుతాడు.

"మేస్త్రీ, ఈటిని ఏసుకుని కూకుంటే ఏళ్ళు ఇరిగిపోతన్నట్టుంది" అని ఒక హెల్పరు నాతో అన్నాడు. వారం తిరక్కుండా అతను మడమ తొక్కేసి, బూట్లను చెప్పుల్లా ఈడ్చుకుంటూ నడవడం మొదలుపెట్టాడు. గేటు దగ్గర సెక్యూరిటీకి కనపడేదాకా లేసులు కడతాడు, లోపలికొచ్చాక విప్పేస్తాడు. సూపర్‌వైజరు తిడతాడు. తిట్టడం తేలిక. కానీ కరిచే షూని పన్నెండు గంటల షిఫ్టంతా వేసుకోమని ఎవర్నీ ఒప్పించలేం. మడమ తొక్కిన షూతో మెట్లు దిగేవాడికి ముందున్న ఇనుప టోపీ ఏమాత్రం అక్కరకు రాదు. కాలికి సుఖం అనేది సోకు కోసం అడిగేది కాదని, అది భద్రతలో మొదటి భాగమని నేను గట్టిగా నమ్ముతాను. సుఖంగా ఉన్న షూనే మనిషి విప్పకుండా ఉంచుకుంటాడు.

ఇక ఆ టోపీ సంగతి. మన దేశంలో సేఫ్టీ షూస్‌కి ఐఎస్ 15298 అనే ప్రమాణం ఉంది. అందులో రెండో భాగం ప్రకారం చేసిన షూ ముక్కు 200 జౌళ్ళ దెబ్బ తట్టుకోవాలి. మన భాషలో చెప్పాలంటే 20 కిలోల ముద్ద ఒక మీటరు ఎత్తు నుంచి పడటం. మెల్లగా నలిపే బరువైతే 15 కిలోన్యూటన్లు, అంటే సుమారు ఒకటిన్నర టన్ను. దెబ్బ తగిలాక టోపీ ఎంతో కొంత వంగుతుంది. అయినా ఎనిమిదో నంబరు షూలో లోపల 14 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. వేళ్ళు బతికేది ఆ ఖాళీలోనే. అదే ప్రమాణంలో మూడో భాగం షూని 100 జౌళ్ళకే పరీక్షిస్తారు. నాలుగో భాగంలో టోపీ ఉండాలన్న నియమమే లేదు. పైకి మూడూ ఒకే నల్లరంగులో, ఒకే ఆకారంలో ఉంటాయి. అందుకే నాలుక మీదో పక్కనో ఉన్న ముద్రలో ఐఎస్ఐ గుర్తుతో పాటు ఏ భాగమో కూడా చదవాలి. కణుపులతో కొడితే ఈ తేడా తెలియదు.

బరువు పడితే ఇనుప టోపీ వంగి వేళ్ళను కోసేస్తుందనీ, అది లేకుంటేనే నయమనీ పనిచోట చాలామంది అంటారు. ఆ మాటను ఎక్కడ విన్నా నేను ఖండిస్తాను. టోపీని నేలకంటా అణిచేసే బరువు టోపీ లేని కాలిని పిండి చేసి వదులుతుంది. చైన్ బ్లాక్ హుక్కు జారి తగిలినప్పుడో, పైపు ముక్క దొర్లి పడినప్పుడో వేళ్ళు దక్కినవాళ్ళను నేను కళ్ళారా చూశాను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. గట్టి దెబ్బ తిన్న షూని, పైన తోలు బాగానే ఉందని మళ్ళీ వేసుకోకూడదు. లోపల టోపీ చిట్లిందో వంగిందో బయటికి కనపడదు. ఆ షూ తన పని చేసేసింది.

టోపీ తర్వాత చూడవలసింది మనం ఏ నేల మీద నడుస్తామన్నది. రోలింగ్ మిల్లులో కూలింగ్ బెడ్ పక్కన పని పడితే పీయూ (పాలీయురిథేన్) సోల్ పనికిరాదు. వేడి రేకు మీద కాసేపు నిలబడితే మెత్తబడి అంటుకుంటుంది. అక్కడ నైట్రైల్ రబ్బరు సోల్ కావాలి. ముద్రలో హెచ్ఆర్ఓ అని ఉంటే, 300 డిగ్రీల వేడిని ఒక నిమిషం తాకినా సోల్ కరగకుండా, పగలకుండా పరీక్షకు నిలిచిందని అర్థం. భవన నిర్మాణంలో సెంట్రింగ్ విప్పేచోట మేకులున్న చెక్కలు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. అక్కడ పీ అన్న అక్షరం కావాలి. అడుగున రేకో గట్టి గుడ్డ పొరో ఉండి 1100 న్యూటన్ల పోటుని ఆపుతుందన్నమాట. అదే ముద్రలో ఎస్1 అంటే మడమ కింద అదురు పీల్చే మెత్త, వెనక మూసి ఉండటం, యాంటీస్టాటిక్ గుణం ఉన్న షూ. దానికి నీటిని ఆపే పైతోలు కలిస్తే ఎస్2. మేకుని ఆపే పొర, లోతైన గాడుల సోల్ కూడా కలిస్తే ఎస్3.

యాంటీస్టాటిక్ దగ్గర ఒక ప్రమాదకరమైన పొరపాటు జరుగుతూ ఉంటుంది. రిఫైనరీలో మన ఒంటి మీద చేరిన స్థిరవిద్యుత్తు నిప్పురవ్వగా మారకుండా నేలలోకి జారిపోవడానికి ఆ షూ చేస్తారు. అంటే అది కొద్దిగా కరెంటుని పోనిస్తుంది. దాన్ని షాక్ కొట్టని షూ అనుకుని ప్యానెల్ ముందు నిలబడ్డ ఎలక్ట్రీషియన్లను నేను పక్కకు పిలిచి చెప్పిన సందర్భాలున్నాయి. వాళ్ళకు కావలసిన షూ వేరు. దాని ముద్రా వేరు.

ఫౌండ్రీలో అయితే లేసులున్న షూనే వద్దు. కరిగిన లోహం చుక్క లేసు కన్నంలో దిగిందంటే, ముడి విప్పే లోపల అది ఎముక దాకా పోతుంది. అక్కడ వేసుకునేది లేసులు లేకుండా, ఒక్క గుంజుతో ఊడొచ్చే ఎత్తు బూటు. ప్యాంటు అంచు బూటు మీద పడాలి, లోపలికి దోపకూడదు. మేజోళ్ళు నూలువో ఉన్నివో కావాలి. నైలాన్ అయితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. లేడిల్ దగ్గర పనిచేసే పాతవాళ్ళు ఈ మాటలన్నీ కొత్తవాడికి మొదటి రోజే చెప్పేవాళ్ళు. ఇప్పుడు మనుషులు త్వరత్వరగా మారిపోతున్నారు, చెప్పేవాళ్ళు తగ్గిపోయారు. నాకు బాధ కలిగించే సంగతి ఇది.

సైజు చూడటంలోనూ సేఫ్టీ షూ తీరు వేరు. మామూలు బూటయితే ముందు బొటనవేలితో నొక్కి, కాలివేలు ఎక్కడుందో తెలుసుకుంటాం. ఇక్కడ ముందంతా ఇనుము, నొక్కితే ఏమీ తెలియదు. అందుకే లేసులు వదులు చేసి, పాదాన్ని వేళ్ళు టోపీకి తగిలేదాకా ముందుకు జరపాలి. అప్పుడు మడమ వెనక ఒక చూపుడువేలు దూరాలి. తర్వాత మడమను వెనక్కి ఆనించి, లేసులు బిగించి, మెట్లు దిగి చూడాలి. దిగేటప్పుడు వేళ్ళు టోపీని తాకితే సైజు చిన్నది. ఎక్కేటప్పుడు మడమ లేస్తే పెద్దది. తోలు సాగుతుందిలే అన్న మాట ఈ షూకి చెల్లదు. తోలు సాగుతుందేమో గానీ ఇనుము సాగదు. చిటికెనవేలు పక్కన ఒరిసే షూ చివరిదాకా ఒరుస్తూనే ఉంటుంది. వెడల్పు పాదాలున్నవాళ్ళు, మా దగ్గర చాలామందివి అవే పాదాలు, నంబరు పెంచుకుని సర్దుకుంటారు. అప్పుడు షూ మడత పడేచోటు, పాదం మడత పడేచోటు ఒకటి కాకుండా పోతాయి. దానికంటే ముక్కు వెడల్పుగా ఉన్న మరో మోడల్ వెతుక్కోవడం మేలు. కొనడానికి సాయంత్రం వెళ్ళాలి. రోజంతా నిలబడ్డ కాలు కాస్త ఉబ్బుతుంది, షూ ఆ కాలికి సరిపోవాలి. పనికి వేసుకునే మందపాటి మేజోళ్ళు వెంట తీసుకెళ్ళాలి.

మన్నిక గురించి అడిగితే నేను తయారీ తేదీ చూడమంటాను. పీయూ సోల్ వాడకపోయినా ముసలిదవుతుంది. గాలిలో తేమ లోపలికి పోయి దాని అల్లికను విడగొడుతుంది. విశాఖ లాంటి సముద్రపు ఊళ్ళో గోదాములో ఏళ్ళ తరబడి పడున్న పెట్టెలోంచి తీసిన షూ చూడటానికి మెరుస్తూనే ఉంటుంది. ఒక షట్‌డౌన్‌లో కాంట్రాక్టరు అలాంటి పాత సరుకు చవగ్గా తెచ్చి పంచాడు. మూడు రోజులు తిరక్కుండానే సోల్స్ పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోయాయి. ఒకతనికి గ్రేటింగ్ మెట్ల మీద సగం అట్ట ఊడి వేలాడింది. రెయిలింగ్ చేతికి అందబట్టి ఆగాడు. షూ మీద సైజు, ప్రమాణం నంబరుతో పాటు తయారైన కాలం కూడా ముద్రించి ఉంటుంది. రెండు మూడేళ్ళు దాటినదైతే డిస్కౌంటు ఎంతిచ్చినా నేను ముట్టను.

వాడకంలో షూని చంపేది చెమట, సిమెంటు, తొందరపాటు ఆరబెట్టడం. తడిసిన షూని హీటరు దగ్గరో వేడి పైపు మీదో పెడితే తోలు బిరుసెక్కి మడత దగ్గర పగులుతుంది. లోపల పాత న్యూస్‌పేపరు ఉండలు కుక్కి, నీడన గాలికి పెట్టాలి. వీలున్నవాళ్ళు రెండు జతలు మార్చి మార్చి వేసుకుంటే రెండూ ఎక్కువ కాలం వస్తాయి. ఒక జత చెమట ఒక్క రాత్రిలో పూర్తిగా ఆరదు. సిమెంటు అంటితే అదే రోజు తడిగుడ్డతో తుడిచెయ్యాలి.

ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. హౌస్‌కీపింగ్‌లో, ప్యాకింగ్ యార్డుల్లో, ఇటుకలు మోసేచోట ఉన్న ఆడవాళ్ళకు చాలాచోట్ల మగవాళ్ళ షూలోనే చిన్న నంబరు ఇస్తారు. ఆడవాళ్ళ మడమ సన్నగా ఉంటుంది, ముందు భాగం సరిపోయినా వెనక వదులవుతుంది. "అన్నా, గుడ్డ పీలికలు కుక్కి ఏసుకుంటన్నాం" అని ఒకావిడ నాకు షూ విప్పి చూపించింది. మడమ రెండు పక్కలా బొబ్బలు. ఆడవాళ్ళ పాదానికి తగిన అచ్చు మీద కుట్టిన సేఫ్టీ షూస్ మార్కెట్లో ఉన్నాయి. తెప్పించనిది స్టోర్స్‌వాళ్ళే. అడిగేవాళ్ళు లేరు గనక తెప్పించలేదంటారు. రోజుకూలి మీద బతికే మనిషి ఆ కౌంటరు ముందు నిలబడి అడగగలదా? సూపర్‌వైజర్లు, మేస్త్రీలు అడగాలి. నేను అడుగుతాను.

ఇండెంట్ రాసే సూపర్‌వైజర్లకు నేను చెప్పేదీ అదే. "సేఫ్టీ షూస్, ఏభై జతలు, మంచి క్వాలిటీ" అని రాస్తే టెండర్లో చవకైనది వస్తుంది. ఐఎస్ 15298లో ఏ భాగమో రాయండి. ఎస్1 కావాలో ఎస్3 కావాలో రాయండి. సోల్ పీయూనా, నైట్రైలా అన్నది రాయండి. తయారై ఏడాది దాటకూడదని రాయండి. సైజులు మనిషి మనిషికీ కొలిచి రాయండి, ఆడవాళ్ళవి విడిగా. సరుకు దిగాక సంతకం పెట్టే ముందు నలుగురి చేత వేయించి, స్టోర్స్ వరండాలోనే గొంతుక్కూర్చోబెట్టండి. ఎవరైనా మొహం చిట్లిస్తే ఆ లాటు వెనక్కి పంపండి.