రామప్ప పంతులు శంకరశాస్త్రి అయిన దారి

"శంకరాభరణం" చూడని తెలుగు ప్రేక్షకుడు అరుదు. కాని శంకరశాస్త్రి గారిది ఏ వూరని అడిగితే చెప్పగలిగేవాళ్ళు ఎంతమంది? నేను అడిగేది కథలో వూరు కాదండోయ్! ఆ పాత్ర వేసిన జొన్నలగడ్డ వెంకట సోమయాజులు గారి వూరు. శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం.

మన సినిమాల్లో హీరో కావాలంటే పాతికేళ్ళ లోపే రంగంలోకి దిగాలంటారు. ముప్ఫై దాటితే అన్నయ్య వేషం, నలభై దాటితే నాన్న వేషం. అలాంటిది యాభై దాటిన ఒక గవర్నమెంటు ఆఫీసరు, డ్యూయెట్ లేదు, ఫైటింగ్ లేదు, వొక్క సినిమాతో దేశమంతా పేరు మోగించేశారు. ఇది అదృష్టమా? అదృష్టమే అయితే అంత ఆలస్యంగా ఎందుకొచ్చింది? ఆ సంగతేదో ఆ నేల మీదే తెలుసుకుందామని విజయనగరంలో బస్సు దిగాను.

పాటల వూరు, మాటల వూరు

గంటస్తంభం దగ్గర టీ తాగి కోట వైపు నడిచాను. 1713 లో కట్టడం మొదలైన కోట అది. రాజులు పోయినా రాజులు పెట్టిన సంగీత కళాశాల నిలిచింది. 1919 లో మొదలైన ఆ కళాశాలకి తొలి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆ తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు. ఘంటసాల మధుకరం ఎత్తుకుని చదువుకున్నది ఈ వీధుల్లోనే. పి. సుశీల పుట్టి, పాట నేర్చుకున్నదీ ఇక్కడే. అంటే శంకరశాస్త్రి లాంటి మేష్టార్లు ఈ వూరికి సినిమా చూస్తే తప్ప తెలియనివాళ్ళు కాదు. రోజూ వీధిలో ఎదురుపడినవాళ్ళే!

ఇక మాటల సంగతి. గురజాడ అప్పారావు గారి ఇల్లు ఈ వూళ్ళోనే వుంది. ఆయన "కన్యాశుల్కం" 1892 లో మొట్టమొదట ఆడింది కూడా ఇక్కడే. సోమయాజులు గారు, తమ్ముడు రమణమూర్తి గారు 1950ల్లో అదే నాటకాన్ని చేతిలోకి తీసుకున్నారు. తమ్ముడు గిరీశం, అన్న రామప్ప పంతులు. ఏళ్ళ తరబడి వూరూరా ఆడారు. వందల ప్రదర్శనలు!

రామప్ప పంతులు ఎవరో గుర్తుందా? అగ్రహారంలో పెద్దమనిషి వేషం, లోపలంతా టక్కరితనం. లేని వ్యాజ్యాలు పుట్టిస్తాడు, పెళ్ళి బేరాలు కుదురుస్తాడు, మధురవాణిని వుంచుకుని తనంతవాడు లేడనుకుంటాడు. ఆ వేషంలో జనాన్ని కడుపుబ్బ నవ్వించిన మనిషే తర్వాత శంకరశాస్త్రి అయ్యారు. కోట గోడ నీడలో నడుస్తుంటే నాకు ఈ సంగతి తట్టి, అక్కడే ఆగిపోయాను.

ఒకే మొహం, రెండు మనుషులు

ఆలోచించండి. మధురవాణి వేశ్య. "శంకరాభరణం"లో మంజుభార్గవి వేసిన తులసి కూడా ఆ కులంలోనే పుట్టింది. రామప్ప పంతులు మధురవాణిని సొమ్ముగా చూస్తాడు. శంకరశాస్త్రి తులసిలో సంగీతాన్ని చూస్తాడు. వూరు వేలెత్తి చూపినా తల వంచడు. ఒక వేషానికి మరో వేషం జవాబు చెప్పినట్టు లేదూ! మొదటివాణ్ణి ఏళ్ళ తరబడి నరనరానా ఎరిగిన నటుడికే రెండోవాడి నిజాయితీ అంత నిబ్బరంగా పలికిందని నా నమ్మకం. పెద్దరికాన్ని నటించే మనిషి ఎలా వుంటాడో తెలిసినవాడికే, పెద్దరికం నిజంగా వున్న మనిషి ఎలా వుంటాడో కూడా తెలుస్తుంది.

ఇంకో మాట. పాడింది బాలసుబ్రహ్మణ్యం గారు, స్వరాలు కట్టింది కె.వి. మహదేవన్ గారు. తెర మీద సోమయాజులు గారి చేతిలో వున్నవి కళ్ళు, మెడ నరాలు, వూపిరి - అంతే. నాటకం వాడు గొంతెత్తి ఆఖరి వరుసకి వినిపించడం నేర్చుకుంటాడు. ఎప్పుడు గొంతెత్తకూడదో కూడా ఆ స్టేజీయే నేర్పుతుంది. శాస్త్రి గారు మాట్లాడకుండా చూసే చూపులున్నాయే, అవి వొక్క సినిమా షూటింగులో నేర్చుకున్నవి కావు.

తమ్ముడు రమణమూర్తి గారు 1957 లోనే "ఎమ్మెల్యే" సినిమాతో తెరకెక్కారు. అన్న వుద్యోగంలో వుండిపోయారు. పగలు ఫైళ్ళు, సాయంత్రం రిహార్సళ్ళు. కె. విశ్వనాథ్ గారు శంకరశాస్త్రి వేషం ఇచ్చేనాటికి ఆయన మహబూబ్‌నగర్‌లో డిప్యూటీ కలెక్టరు. 1980 ఫిబ్రవరి 2 న సినిమా వచ్చింది. స్వర్ణకమలం తెచ్చుకుంది. తర్వాత 1981 లో "త్యాగయ్య", "సప్తపది". 2004 లో ఆయన వెళ్ళిపోయారు.

అన్నట్టు, "శంకరాభరణం"లోనే మరో ఆలస్యపు పంట కూడా వుంది. నిర్మలమ్మ గారు! ఆవిడా స్టేజీ మీద పెరిగిన మనిషే. 1943 లో "గరుడ గర్వభంగం"తో సినిమాల్లోకి వచ్చినా, జనం గుండెల్లో చోటు దొరికింది జుట్టు నెరిశాక, బామ్మ వేషాలతోనే. 1985 లో వచ్చిన "మయూరి"లో ఆవిణ్ణి చూసినవాళ్ళు మరిచిపోగలరా?

పొందూరు మీదుగా

విజయనగరం నుంచి పలాస వైపు పాసింజరు ఎక్కాను. చీపురుపల్లి దాటాక పొందూరు వస్తుంది. ఖద్దరు వూరు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఎంత ఓపిక కావాలో చూడండి! అంత దువ్వితేనే అంత సన్నని నూలు. కిటికీలోంచి ఆ స్టేషను బోర్డు చూస్తూ, మన నాటకాల రిహార్సళ్ళు కూడా ఇలాంటి దువ్వుడే కదా అనుకున్నాను.

ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళం చేరి, నరసన్నపేట బస్సెక్కాను. మడపాం దగ్గర వంశధార దాటాక నరసన్నపేట. లుకలాం ఆ మండలంలోనే. వరిచేలు, తాటిచెట్లు, మధ్యాహ్నపు ఎండ. సినిమా వూరనిపించే ఆర్భాటం ఏమీ లేదు. టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు "సినిమా తీత్తారేటండి?" అని అడిగారు. ఈ యాసే! సినిమాల్లో ఇది వినబడిందంటే నౌకరు వేషమో, నవ్వుల వేషమో వచ్చిందన్నమాట. మన తెర మీద అతి గంభీరమైన మనిషిని కన్నది ఈ యాస వున్న నేలే అని మన రచయితలకి ఎవరైనా గుర్తుచేస్తే బావుణ్ణు.

వేషాల కోసం ఫోటోలు పట్టుకుని స్టూడియోల చుట్టూ తిరుగుతున్న కుర్ర మిత్రులారా! సోమయాజులు గారు 1980 దాకా ఎదురుచూస్తూ కూచోలేదు. పిలుపు వచ్చినా రాకపోయినా మర్నాడు సాయంత్రం రిహార్సలుకి వెళ్ళారు. శంకరశాస్త్రి వేషం అసలు రాకపోయినా విజయనగరానికి గొప్ప రామప్ప పంతులు మిగిలివుండేవాడు. మీ వూళ్ళో ఈ ఆదివారం నాటకం వుంటే వెళ్ళి చూడండి. రేపటి శంకరశాస్త్రి ఇవాళ అక్కడే, ఏ టక్కరి పంతులు వేషంలోనో, మీసం అతికించుకుంటూ వుండవచ్చు.