మూసీ గట్టు మీద ఒక ఆదివారం



సూర్యాపేటకు సేవకు వచ్చి పదకొండేళ్ళు దాటింది. ఈ పదకొండేళ్ళలో సభలనీ, సదస్సులనీ విజయవాడ పోయాను, దోర్నకల్ పోయాను, రైలెక్కి చెన్నై కూడా చూసి వచ్చాను. కాని ఇంటి నుండి గంట ప్రయాణం కూడా లేని మూసీ ప్రాజెక్టుకు నా భార్యాబిడ్డలను తీసుకొని పోయింది మాత్రం 2024 అక్టోబరులోనే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా నాలాంటి సేవకులు, వాళ్ళ ఇంటివాళ్ళు ఈ పత్రిక చదువుతారు గనుక రాస్తున్నాను.

సేవకుని ఆదివారం ఎట్లా ఉంటుందో సంఘస్థులకు సగమే తెలుసు. ఐదింటికి లేవాలి. ఎనిమిదింటికి సండేస్కూలు, పదింటికి ఆరాధన. ఒంటిగంటకు ఎవరో ఒకరింట్లో కృతజ్ఞత కూడికో, బిడ్డ పుట్టినరోజో. మూడింటికి పల్లె సంఘంలో ఆరాధన. రాత్రి ఏడింటికి గృహకూటం. లోకమంతటికీ ఆదివారం సెలవు, మా ఇంట్లో మాత్రం కోతల కాలం. కోదాడ దగ్గర మొదటి పాస్టరేటులో ఉన్నప్పుడైతే సైకిలు మీద ఐదు ఊళ్ళు తిరిగేవాడిని. మా పెద్దమ్మాయి అక్కడే పుట్టింది. ఆదివారాలు నేను పోయేటప్పుడు నిద్రలో ఉండేది, వచ్చేటప్పటికి మళ్ళీ నిద్రలో ఉండేది.

ఆ పెద్దమ్మాయికే ఖమ్మంలో నర్సింగు కోర్సులో సీటు వచ్చింది. హాస్టలుకు పోవడానికి మూడు వారాలుంది. ఒక రాత్రి అన్నం తింటూ, "డాడీ, ఒక్క ఆదివారం మాకియ్యి" అన్నది. కోపంగా అనలేదు. ఉప్పు ఇటియ్యి అన్నట్టే అన్నది. నేను డైరీ తీసి చూశాను. డైరీ తీయడం చూసి నా భార్య లేచి వంటింట్లోకి పోయింది. ఇక నేను డైరీ మూసేశాను.

నిజానికి నాకు ఆదివారం అంటే ఏమిటో నేర్పింది వేదాంత కళాశాల కాదు, మా నాయన. ఆయన మిర్యాలగూడలో రైసుమిల్లు హమాలీ. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ గారు నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల ముఖమే మారిపోయింది. మెట్ట చేలు వరిమళ్ళయ్యాయి. వరి వెంట మిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట మా నాయనలాంటి వాళ్ళు వచ్చారు. సీజనులో మిల్లుకు ఆదివారం లేదు, పండుగ లేదు. అయినా మా నాయన తోటివాళ్ళతో వంతులు మార్చుకొని నెలకు ఒకటో రెండో ఆదివారాలు మిగుల్చుకునేవాడు. ఆరాధన కాగానే అమ్మ జొన్నరొట్టెలు, ఎండుచేపల పులుసు గిన్నెలో సర్దేది. నలుగురం కాలువ దాకా నడిచేవాళ్ళం. గట్టు మీద చెట్టు కింద తిని, మేము ఆడుకునేవాళ్ళం. నాయన తువాలు ముఖం మీద కప్పుకొని పడుకునేవాడు. మాతో ఆడేది లేదు, మాట్లాడేది లేదు. అయినా ఆ పూట కోసం మేము వారమంతా ఎదురుచూసేవాళ్ళం. కాలువలో దిగడం మాత్రం అమ్మ ఎన్నడూ ఒప్పుకునేది కాదు. సాగర్ కాలువ పైకి నెమ్మదిగా కనబడుతుంది, లోపల ఉరవడి వేరు. ఈ రోజుకూ వేసవి సెలవుల్లో ఏదో ఒక ఇంటి బిడ్డను అది తీసుకుపోతూనే ఉంది. తల్లిదండ్రులారా, కాలువ గట్టుకు పిల్లలను తీసుకొని పోతే కళ్ళు వాళ్ళ మీదే ఉంచండి.

డిప్లొమా చదివే రోజుల్లో సబ్బాతు దినమును గూర్చి ఇరవై పేజీల వ్యాసం రాశాను. హెబ్రీ మాటలు, గ్రీకు మాటలు బాగానే దట్టించాను. అందులో లేనిది నారాయణ మేఘాజీ లోఖండే పేరు. ఆ పేరు నేను చాలా ఏళ్ళకు గాని వినలేదు. ఆయన జ్యోతిరావు ఫూలే గారి సత్యశోధక సమాజం మనిషి, బొంబాయి మిల్లు కార్మికుల నాయకుడు. వారానికి ఒక్క రోజు విశ్రాంతి కావాలని ఏళ్ళ తరబడి పోరాడితే 1890 జూన్ 10న బొంబాయి మిల్లుల యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. ఆయన క్రైస్తవుడు కాడు. అయినా సబ్బాతు అంటే ఏమిటో నా ఇరవై పేజీల కంటే ఆయనకే ఎక్కువ తెలుసు అనిపిస్తుంది. మా నాయనకు ఆ పేరు తెలియదు. వంతులు మార్చుకోవడం తెలుసు, అంతే.

సరే, ఎక్కడికి పోవాలనేది ఇంట్లో పెద్ద చర్చ అయింది. పెద్దమ్మాయి ఫణిగిరి అన్నది. ఆ ఏడాదే అక్కడ బౌద్ధక్షేత్రం తవ్వకాల్లో కుండ నిండా 3,730 సీసపు నాణేలు దొరికాయని పేపర్లో చదివింది. అది కొండ, మా అమ్మ మోకాళ్ళకు ఎక్కడం కష్టం. నా భార్య పిల్లలమర్రి అన్నది. కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్లు కట్టించిన ఆ గుడుల రాతిస్తంభాల పనితనం గురించి ఆమె ఎప్పుడో బళ్ళో చదువుకుందట. తరువాత ఆమే, "మనను అక్కడ చూసినోళ్ళు ఏమనుకుంటరో" అని వెనక్కు తగ్గింది. చరిత్ర చూడడంలో తప్పేమిటని అన్నాను గాని నేనూ గట్టిగా అనలేదు. ఆ పిరికితనం సంగతి ఇంకొకసారి రాస్తాను. మా చిన్నోడు మాత్రం "నీళ్ళుంటే చాలు" అన్నాడు. అందుకని మూసీ.

మధ్యాహ్నం పల్లె ఆరాధన సండేస్కూలు చెప్పే ఒక యువకునికి అప్పగించాను. గృహకూటం బుధవారానికి మార్చాను. సంగతి తెలిసి సంఘ పెద్ద ఒకాయన ఇంటికి వచ్చారు. మంచి మనిషి, నా మేలు కోరేవాడే. "అయ్యగారూ, ప్రభువు దినాన పిక్నిక్కంటే పదిమంది పది రకాలుగ అనుకుంటరు. సోమవారం పోరాదుండ్రి" అన్నారు. సోమవారం పిల్లలకు బడి, కాలేజీ. మార్కు సువార్త ఆరవ అధ్యాయంలో పని మీద పోయి వచ్చిన శిష్యులను ప్రభువు వెంటనే ఇంకో పనికి పంపలేదనీ, జనానికి దూరంగా విశ్రాంతికి పిలిచాడనీ ఆయనకు గుర్తు చేశాను. ఆయన కాసేపు ఆలోచించి, "జనం ఆడికి గూడ ముందే వోయిన్రు గద అయ్యగారూ" అన్నారు. అదీ నిజమే. వాక్యం తెలిసిన పెద్దలతో వాదించడం కష్టం.

ఆ ఆదివారం ఆరాధన పన్నెండున్నరకు ముగించాను. అంత త్వరగా ముగించడం నా జీవితంలో మొదటిసారి అని నా భార్య అంటుంది. ఆమె తెల్లవారుజామునే లేచి పులిహోర, కోడికూర, పెరుగన్నం చేసి టిఫిన్ క్యారియర్‌లో సర్దింది. సంఘస్థుని ఆటో మాట్లాడుకున్నాం. గడప దాటబోతుంటే పెద్దమ్మాయి చెయ్యి చాపింది. "ఫోను, డాడీ." ఇచ్చాను. బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నాయనమ్మకు ఇచ్చింది. మా అమ్మ దాన్ని కొంగున ముడి వేసుకున్నది. ఇక దాన్ని ఎవరూ తీయలేరు.

హైదరాబాదు రహదారి వదిలి సోలిపేట వైపు తిరిగేటప్పటికి గాలి మారింది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, జలాశయం నిండుగా ఉంది. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు నడిబొడ్డున పారి వచ్చే నది ఇది. 1908 సెప్టెంబరులో ఈ నదికే వరద వచ్చి హైదరాబాదులో వేలమంది చనిపోయారు. ఆ తరువాతే నిజాం కాలంలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఇక్కడి ప్రాజెక్టు 1963లో పూర్తయింది. ఇక్కడి నుండి దిగువకు పోయి, మిర్యాలగూడకు అవతల వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఇదంతా పిల్లలకు చెప్తూ ఉంటే చిన్నోడు, "డాడీ, మళ్ళ ప్రసంగమా?" అన్నాడు. ఆటో నడిపే తమ్ముడు కూడా నవ్వాడు. నోరు మూసుకున్నాను.

గేట్ల దిగువన నీళ్ళ మీద తెల్లటి నురగ చూసి చిన్నోడు ముచ్చటపడ్డాడు. అది హైదరాబాదు మురికి అని చెప్పడానికి మనసు రాలేదు గాని, చేతులు కడగబోతుంటే చెప్పవలసి వచ్చింది. ఆ నీళ్ళతోనే ఇక్కడి రైతులు వరి పండిస్తారు, మనం తింటాం.

గట్టు దగ్గర నీడ చూసుకొని చాప పరిచాం. తిన్నాం. తిన్న తరువాత ఏం చేయాలో నాకు తోచలేదు. ఆదివారం మూడు గంటలకు చేతిలో బైబిలు లేకుండా, ఎదుట జనం లేకుండా కూర్చోవడం నాకు అలవాటు లేదు. రెండుసార్లు జేబు తడుముకున్నాను. చిన్నోడు బిళ్ళ పెంకులు ఏరుకొచ్చి నీళ్ళ మీద కప్పగంతులు వేయిస్తున్నాడు. ఒక్కో పెంకు నాలుగు, ఐదు గంతులు వేస్తోంది. వాడికి పన్నెండేళ్ళు. ఈ విద్య వాడికి వచ్చునని నాకు తెలియదు. నేను వేసినవన్నీ బుడుంగుమన్నాయి.

అలిసిపోయి వచ్చి, మా నాయనలాగే తువాలు ముఖం మీద వేసుకొని పడుకున్నాను. అప్పుడు అమ్మ అన్నది.

"మీ నాయిన నిద్ర పోయేటోడనుకున్నవా?"

"మరి?"

"బస్తాలు మోసి మోసి నడుము పట్టుకుపోయేది. మడిమె నుంచి మెడ దాక నొప్పి. ఇంట్ల పండుకుంటే మీరు బయటికి పోకపోదురు. అందుకని ఆడిదాక నడిచి, ముఖం కనబడకుండ తువాల కప్పుకునేటోడు."

నేను తువాలు తీయలేదు. కాసేపు దాని కిందే ఉండిపోయాను. నలభై ఏళ్ళు దాటిన మనిషిని, ఎన్నో సమాధుల దగ్గర ఓదార్పు మాటలు చెప్పినవాడిని. మా నాయన పోయి తొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళూ ఆయన మాతో మాట్లాడలేదని ఒక చిన్న నెపం మనసులో పెట్టుకొనే ఉన్నాను.

తువాలు తీసేసరికి పెద్దమ్మాయి పక్కన కూర్చుని ఉంది. సాయంత్రపు ఎండ నీళ్ళ మీద పడుతోంది. తెప్పల మీద చేపలు పట్టేవాళ్ళు ఒడ్డుకు వస్తున్నారు. ఆమె అటే చూస్తూ అడిగింది.

"డాడీ, ఆరాధనలో అందరి పేర్లు చెప్పి ప్రార్థన చేస్తవు గదా. జ్వరమొచ్చినోళ్ళవి, పరీక్షలు రాసేటోళ్ళవి, దుబాయి పోయినోళ్ళవి. మా పేర్లెందుకు చెప్పవు? 'మా ఇంటివారిని కూడా' అంటవు. అంతే. నేనూ తమ్ముడూ చిన్నప్పటి నుంచి లెక్కపెట్టినం. ఒక్కసారి గూడ రాలేదు."

సంఘం ముందు సొంత బిడ్డల పేర్లు చెబితే బాగుండదని, అది వినయమని నేను అనుకునేవాడిని. ఆ మాట చెప్పాను. "మాకట్ల తెల్వదు గద" అన్నది. నాకు జవాబు రాలేదు. రాత్రిపూట ఇంట్లో నేను ఒంటరిగా ప్రార్థించేటప్పుడు వాళ్ళ పేర్లు చెప్తానన్నది నిజమే, కాని అప్పటికి వాళ్ళు నిద్రపోయి ఉంటారు.

చీకటి పడే వేళకు ఇల్లు చేరాం. బీరువా తీస్తే ఫోనులో పదిహేడు పిలుపులు. సంఘంలో డెబ్బై ఐదేళ్ళ అవ్వకు మధ్యాహ్నం ఆయాసం ఎక్కువై ఆసుపత్రికి తీసుకుపోయారట. మోటారు సైకిలు తీసి పరుగెత్తాను. దారి పొడుగునా సంఘ పెద్ద మాటలే చెవుల్లో ఉన్నాయి. అవ్వ కొడుకు వరండాలో కూర్చుని ఉన్నాడు. "అవసరానికి అందలేదయ్యగారూ" అన్నాడు. తప్పించుకునే మాట ఒకటీ చెప్పలేదు. అన్నది వాస్తవం.

దేవుని కృపను బట్టి అవ్వ తేరుకున్నది. మరునాడు పోతే మూతికి పెట్టిన గొట్టం పక్కకు తీసి చెప్పింది. "నువ్వు లేవని మా మనుమడు చేసిండయ్యా ప్రార్థన. ఇంటరు చదివే పోరడు. నువ్వుంటే వాడు ఎన్నడన్న నోరు తెరిచిండా? తప్పులు తప్పులుగ చేసిండు. అయినా మంచిగుండె." కొడుకు మాత్రం ఆ తరువాత రెండు వారాలు ఆరాధనకు రాలేదు. మూడో వారం వచ్చి వెనక కూర్చున్నాడు. ఇప్పటికీ మునుపటంత చనువు లేదు. అది నేను మోయవలసిందే.

మూసీకి పోయింది ఒక్క పూటే. ఇప్పుడు నెలకొక ఆదివారం మధ్యాహ్నం మాకు ఉంది. ఫోను మాత్రం అవ్వలాంటి వాళ్ళ కోసం ఆటో తమ్ముని దగ్గర ఉంచుతున్నాం, ఆయన చూసుకొని నిజంగా అవసరమైతేనే ఇస్తాడు. పల్లె ఆరాధన ఆ యువకుడే చేస్తున్నాడు. వాడి ప్రసంగం నా కంటే చిన్నదని అక్కడివాళ్ళు సంతోషంగా ఉన్నారు. పిల్లలమర్రి ఇంకా చూడలేదు.

పెద్దమ్మాయిని ఖమ్మం హాస్టల్లో దింపి వచ్చిన ఆదివారం, ఆరాధనలో ప్రార్థన చేస్తూ జ్వరం వచ్చినవాళ్ళ పేర్లు, పరీక్షలు రాసేవాళ్ళ పేర్లు చెప్పి, ఆ వరుసలోనే నా ఇద్దరు బిడ్డల పేర్లూ చెప్పాను. గొంతు కొంచెం పట్టింది. చిన్నోడు కళ్ళు తెరిచి చూశాడని మధ్యాహ్నం అన్నం పెడుతూ వాళ్ళమ్మ ఫిర్యాదు చేసింది. నేను వాడిని ఏమీ అనలేదు. వాడు చూసినప్పుడు నా కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి.