క్యూలో నిలబడ్డ మాట

క్యూలో నిలబడడం నాకు కొత్తేమీ కాదు. కిరసనాయిలు క్యూలో డబ్బా పట్టుకుని, పంచదార క్యూలో సంచీ పట్టుకుని, తిరుపతి కొండమీద చంటిపిల్లని చంకనేసుకుని, నా సగం జీవితం ఎవరో ఒకరి వీపు చూస్తూనే గడిచింది. కానీ నేను హాయిగా ఇంట్లో పడక్కుర్చీలో కూర్చునుండగా, నా నోట్లోంచి వచ్చిన మాట వెళ్ళి ఎక్కడో క్యూలో నిలబడుతుందనీ, ఆ ఆలస్యం నాకూ నా కూతురికీ మధ్య చిచ్చు పెడుతుందనీ కలలో కూడా అనుకోలేదు.

మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. మాది కోనసీమలో ఓ పల్లెటూరు. రాత్రి భోజనాలయ్యాక, అక్కడ దానికి తెల్లవారాక, సెల్‌ఫోన్లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకుంటాం. దీపావళికి వారం ముందు ఇలాగే మాట్లాడుతుంటే, అది ఉన్నట్టుండి, "అమ్మా, పురిటికి నువ్వు రాగలవా?" అంది.

"ఎందుకు రానే పిచ్చిదానా, తప్పకుండా వస్తాను" అన్నాను.

అది పలకలేదు. తెరమీద దాని మొహం కాస్త వాడింది. నేను ఇంకోమాట అందామనుకునేలోపల, "పోన్లేమ్మా, నీకు ఇబ్బందైతే అత్తయ్యగారిని అడుగుతాలే" అంది. "అదేంటే, వస్తానంటుంటే!" అని నేను, "సరే అమ్మా, పనుంది" అని అది, ఇద్దరి మాటలూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఫోను పెట్టేసింది.

నాలుగు రోజులు ఫోను లేదు. అయిదోరోజు అల్లుడుగారు మావారితో నెమ్మదిగా అన్నారట, "అత్తయ్యగారు కాసేపు ఆలోచించి వస్తానన్నారని తను బాధపడుతోంది మావయ్యగారూ" అని.

చూశారా! నేను వెంటనే అన్న మాట దానికి రెండు సెకన్లు ఆలస్యంగా చేరింది. రెండు సెకన్లంటే ఎంత? పోపులో ఆవాలు చిటపటలాడేంత. కానీ కన్నతల్లిని పురిటికి రమ్మన్నప్పుడు ఆ రెండు సెకన్లు ఎంత పెద్దవో ఆడదానికి చెప్పక్కర్లేదు.

"పోనీలేవే, అంత దూరం నుంచి మాట రావాలంటే ఆమాత్రం ఆలస్యం కాదూ" అన్నారు మావారు. నేనూ నిజమే కాబోలనుకున్నాను. మా ఊళ్ళో నెట్టు ఇచ్చే అబ్బాయిని అడిగితే, "పెద్ద ప్లాను వేయించుకోండమ్మా" అన్నాడు. వేయించుకున్నాం. బిల్లు పెరిగింది గానీ మాట మాత్రం అలాగే నత్తనడక నడిచింది.

దీపావళికి మా మేనల్లుడు వచ్చాడు. హైదరాబాదులో వాడి ఉద్యోగమే ఈ నెట్‌వర్కులు చూసుకోవడం. విషయం విని, సున్నుండ చేత్తో పట్టుకునే లాప్‌టాప్ తెరిచాడు. మధ్యాహ్నం ఓసారి, రాత్రి ఎనిమిదిన్నరకి ఓసారి ఏవో లెక్కలు చూసి, శుభలేఖ వెనక్కి తిప్పి బొమ్మ గీశాడు.

"అత్తా, గాజుతీగలో వెలుగు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. సముద్రాల కింద ఎంత చుట్టు తిరిగినా నీ మాట డాలస్ చేరడానికి సెకనులో అయిదోవంతు కూడా పట్టదు. ఆ రెండు సెకన్లు ఎక్కడ పోతున్నాయో తెలుసా? ఇదిగో, ఇక్కడ" అని మా ఊరికీ మండలం ఊరికీ మధ్య గీత గీశాడు.

నాకు మతిపోయింది. సప్తసముద్రాలు దాటడానికి లేని ఆలస్యం ఆరు కిలోమీటర్ల కాలవగట్టు దాటడానికా!

సంగతేమిటంటే, మండలం ఊరిదాకానే కేబులుంది. అక్కణ్ణించి మా ఊరికి నెట్టు గాల్లో వస్తుంది. అక్కడో డిష్షు, మా ఊళ్ళో ఆ అబ్బాయి మేడమీదో డిష్షు, రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ ఉంటాయి. ఊరందరి సినిమాలూ, సీరియళ్ళూ, చదువులూ, నా కబుర్లూ ఆ ఒక్క దారినే పోవాలి. పక్కవీధి ఫోటో స్టూడియో అబ్బాయి పెళ్ళి వీడియోలు పంపేది కూడా సరిగ్గా నేను ఫోను చేసే వేళకే.

"దారి నిండితే వచ్చినవాటిని కాసేపు నిలబెట్టడానికి ఆ పెట్టెలో కొంత చోటుంటుంది. దాన్ని బఫరంటారు. మెమరీ చవకైపోయిందని, ఒక్క ప్యాకెట్టు కూడా పోకూడదని, ఆ చోటు తెగ పెంచేశారు. ఇప్పుడు లెక్క చూడు. క్యూలో పది మెగాబైట్లున్నాయనుకో, అంటే ఎనభై మెగాబిట్లు. దారి సెకనుకి నలభై మోస్తుంది. ఆఖర్న నిలబడ్డ నీ మాటకి రెండు సెకన్లు!"

నాకు మా రేషన్‌షాపు గుర్తొచ్చింది. జనం ఎండలో నిలబడలేక వెళ్ళిపోతున్నారని డీలరు పెద్ద పందిరి వేయించాడు. తూకం వేసేవాడు మాత్రం ఒక్కడే. పందిరి పెరిగింది, క్యూ పెరిగింది, బియ్యం మాత్రం ముందు వచ్చినంతే వచ్చాయి.

"అంతే అత్తా! పైగా పంపేవాళ్ళు తమ ప్యాకెట్టు ఎక్కడైనా పోయిందంటేనే, దారి నిండిందని తెలుసుకుని నెమ్మదిస్తారు. ఏదీ పోకపోతే ఇంకా ఇంకా పంపుతూనే ఉంటారు. అమెరికాలో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు 2010లో తన ఇంట్లోనే ఈ జబ్బు కనిపెట్టి, 'బఫర్‌బ్లోట్' అని పేరు పెట్టాడు."

అంటే కడుపుబ్బరమన్నమాట! వద్దనకుండా తింటే ఎవరికైనా వచ్చేదే.

దీనికి మందు 2012లో వచ్చిందట. కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు కాథలీన్ నికోల్స్ అనే ఆవిడ, రెండోవారు వాన్ జేకబ్సన్. ఆడమనిషి పేరు వినగానే నేను సర్దుకు కూర్చున్నాను. వారు చెప్పిందేమిటంటే, క్యూ ఎంత పొడుగుందని చూడకు, ఒక్కొక్కటి ఎంతసేపు నిలబడిందో చూడు అని. ఎంత లేదన్నా అయిదు మిల్లీసెకన్లకి మించి నిలబడాల్సి రావడం వంద మిల్లీసెకన్లపాటు ఆగకుండా సాగితే, ఒక ప్యాకెట్టును పారెయ్యి. పంపినవాడు అర్థం చేసుకుని నెమ్మదిస్తాడు.

"అయ్యో, ఆ పారేసేది నా మాటే అయితే?" అన్నాను కంగారుగా.

"కాదత్తా. ఎవరి మాటకి వారి క్యూ వేరే పెట్టి, వంతులవారీగా వదిలే పద్ధతి కూడా దీనికి జోడించారు. నీ మాట చిన్నది. పెళ్ళి వీడియో ఒకటి వెళ్ళగానే నీదీ వెళ్తుంది. పారేసేది ఎక్కువగా ఆ వీడియోలోంచే. అదీ మళ్ళీ పంపించుకుంటుంది."

ఇది నాకు బాగా తెలిసిన విద్యే. ఒకటే పొయ్యిమీద పెళ్ళివంట వండుతూ కూడా, గుండిగ దింపి గుండిగ ఎక్కించేలోపల చంటిదానికి పాలు కాచి ఇవ్వమూ!

మర్నాడు వాడు నెట్టు అబ్బాయిని కూర్చోబెట్టి చెప్పాడు. ఆ పద్ధతి తెలిసిన పెట్టెలు డిష్షులకి వెనకాల, రెండు కొసల్లోనూ పెట్టాలి. డిష్షు మోయగలిగినదానికంటే కాస్త తక్కువే వదలాలి. అప్పుడు క్యూ ఏర్పడినా మన పెట్టెలోనే ఏర్పడుతుంది, డిష్షు బఫరులోకి పోదు. బిందెని అంచుదాకా నింపితే తొణుకుతుందని మనకి ఎవరైనా చెప్పాలా?

మొదటిరోజు బాగానే ఉంది. రెండోరోజు వాన కురవగానే మళ్ళీ మొదటికొచ్చింది. చూస్తే, రెండు డిష్షుల చూపుకీ అడ్డంగా కొబ్బరి మట్టలు దిగాయి. తడిసిన ఆకులు సిగ్నలుని తాగేస్తాయట. నలభై మోసే దారి పాతికకి పడిపోయింది. మనం మాత్రం ముప్పై అయిదు వదులుతున్నాం. ఇంకేం, క్యూ మళ్ళీ డిష్షులోనే! ఆ చెట్టు ఎవరిదనుకున్నారు? మా అత్తగారు నాటినది! మావారు కాసేపు మౌనం వహించి, రెండు మట్టలు కొట్టించారు. ఆ అబ్బాయి కూడా వానరోజు లెక్క చూసుకుని, వదిలేది దానికి తగ్గట్టు దించాడు.

ఆ రాత్రి ఊరంతా నెట్టుమీదే ఉన్న వేళ మేనల్లుడు లెక్క చూస్తే, మండలం ఊరికి వెళ్ళి రావడానికి పట్టింది పాతిక మిల్లీసెకన్లు. ప్లాను పెంచలేదు సరికదా, పాత ప్లానుకే మారిపోయాం.

అప్పటినుంచీ నాకో ఆలోచన. ఎవర్నీ కాదనకపోవడమే మర్యాద అనుకుంటూ ఇన్నాళ్ళూ బతికాను. ప్రతి పనికీ "అలాగే" అనేసి, అన్నిటినీ నా పందిట్లో నిలబెట్టేశాను. పాపం, చిన్న మాట, ఇంట్లోవాళ్ళ మాట, ఎప్పుడూ ఆఖర్నే నిలబడింది. పెద్దవాటిలో ఒకదాన్ని మొదట్లోనే "ఇప్పుడు కాదు" అని పంపేస్తే వాళ్ళూ సర్దుకుంటారు, మనకీ ఊపిరాడుతుంది.

అమ్మాయికి నేనే ఫోను చేశాను. డిష్షూ, క్యూ, కొబ్బరి మట్టలూ, అన్నీ చెప్పాను. "మళ్ళీ అడుగు" అన్నాను.

"అమ్మా, పురిటికి రాగలవా?"

"వస్తాను."

దాని మొహం అప్పటికప్పుడు విచ్చుకోవడం కళ్ళారా చూశాను. "ఆవేళ నువ్వు ఆలోచిస్తున్నావనుకున్నానమ్మా" అంటూ నవ్వేసింది. ఆ నవ్వు కూడా ఎక్కడా నిలబడకుండా వచ్చేసింది.

మీతో చెప్పడానికేం గానీ, ఆవేళ అది అడగ్గానే మావారి భోజనం, షుగరు మాత్రలు, ఆర్నెల్లు ఈ ఇల్లు, ఇవన్నీ ఒక్కసారి నా కళ్ళముందు తిరిగాయి. ఆ రెండు సెకన్లలో ఓ అర సెకను నాదే. మా మేనల్లుడి లెక్కలో అది ఎక్కడా కనబడలేదు. మా అమ్మాయికి మాత్రం కనబడిందేమోనని నా అనుమానం.