ఎర్ర గీత ఎక్కడ?

శ్రీకాకుళం జిల్లా ఈశాన్యపు కొసన, తూర్పు కనుమలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న పచ్చని తీరసీమకు ఉద్దానమని పేరు. ఉద్యానమే వాడుకలో ఉద్దానమైందని పెద్దలంటారు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఒకదానినొకటి ఒరసుకొని ఉంటాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున విరుచుకుపడిన తిత్లీ తుపాను ఆ చెట్లను లెక్కకు మిక్కిలిగా నేలకూల్చింది. నీడ తగ్గింది గాని, ఎండలో చేయవలసిన పని తగ్గలేదు. కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవారు, పలాసలో జీడిపిక్కలను కాల్చి వలిచేవారు, టెక్కలికి చేరువన నౌపడ ఉప్పుమడులలో పని చేసేవారు - వీరందరి దేహాలూ ఒక విధంగా ఉష్ణమాపకాలే. అయితే దేహం చదివిన వేడి కాగితం మీదకు రాదు. దానిని పదిమంది కంటికీ కనబరచాలంటే ఒక బొమ్మ కావాలి.

ఆ బొమ్మ అందరూ ఎరిగినదే. కింద గుండ్రని బుడ్డి, దానిపై సన్నని గొట్టం, లోపల ఎర్రని ద్రవం, ప్రక్కన గీతలు. పాదరసపు థర్మామీటరు ఇళ్లనుండి క్రమంగా తొలగిపోతున్నా, దాని రూపం మాత్రం కంప్యూటరు తెరలమీద స్థిరనివాసం ఏర్పరచుకొన్నది. చందాల వసూలు మొదలు జలాశయపు నీటిమట్టం వరకు, పెరిగేదానినీ తరిగేదానినీ ఆ గొట్టంలోనే పోసి చూపుతున్నారు. చదువు రానివారికి కూడా మొదటి చూపులోనే అర్థమయ్యే చిత్రాలు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. వాటిలో ఇది ఒకటి. దాని బలమూ అదే, ప్రమాదమూ అదే.

పలాసలో ఇంటర్మీడియట్ చదివే విద్యార్థిని ఒకతె ఈ బొమ్మను పైథాన్ భాషలో గీయబూనిందని భావించవచ్చు. నెదర్లాండ్స్ దేశీయుడైన గైడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన ఈ భాషలో, ఆజ్ఞ ఇస్తే నడుస్తూ గీత గీసే ఒక తాబేలు ఉంది. పిల్లల కోసం 1967లో పుట్టిన లోగో భాషనుండి ఆ ఊహ సంక్రమించింది. వలయం ఒకటి, దీర్ఘచతురస్రం ఒకటి, దానిలోపల రంగు నింపిన మరొక దీర్ఘచతురస్రం - ఇంతకు మించి చిత్రంలో పనితనమేమీ లేదు. ద్రవం ఎంత ఎత్తుకు ఎక్కాలన్నదే లెక్క. చూపవలసిన విలువలోనుండి కనిష్ఠాన్ని తీసివేసి, శేషాన్ని గరిష్ఠ కనిష్ఠాల భేదంతో భాగించి, గొట్టం పొడవుతో గుణిస్తే ఆ ఎత్తు వస్తుంది. తాబేలుకు పైదిక్కు పైకే ఉంటుంది. కొన్ని ఇతర సాధనాలలో తెరకు పైఎడమ మూల సున్నా అయి, కిందికి పోయేకొద్దీ అంకె పెరుగుతుంది. ఆ సంగతి మరచి గీస్తే ద్రవం గొట్టంలో గబ్బిలంలా తలకిందులుగా వేలాడుతుంది. ప్రతి అభ్యాసకునికీ ఒకసారి ఈ వినోదం తప్పదు.

ఒకసారి గీసిన బొమ్మను పదిచోట్ల వాడుకోవాలంటే దానిని ప్రమేయంగా రాయాలి. గణితంలోని ప్రమేయం వలెనే ఇదీ కొన్ని విలువలను స్వీకరించి ఒక ఫలితాన్ని ఇస్తుంది. కనిష్ఠం, గరిష్ఠం, ప్రస్తుత విలువ, గీతల మధ్య ఎడం, ఎరుపు మొదలయ్యే చోటు - వీటిని గీయించుకొనేవారు తమ అవసరాన్నిబట్టి మార్చుకోవచ్చు. ఏమీ చెప్పకుంటే, రాసినవారు ముందుగానే అమర్చిపెట్టిన విలువలనే అది తీసుకొంటుంది. సున్నానుండి నూరు వరకు, ఎనభై దాటితే ఎరుపు అని ఎవరో ఎక్కడో అమర్చి ఉండవచ్చు. అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

గొట్టం పొడవు 200 చుక్కలనీ, ఆనాటి ఉష్ణోగ్రత 37 డిగ్రీలనీ అనుకొంటే, కొలమానం 0 నుండి 100 వరకు ఉన్నప్పుడు ద్రవం 74 చుక్కల వద్ద ఆగి, మూడోవంతుకు కాస్త పైన చల్లగా కూర్చుంటుంది. 0 నుండి 50 వరకు అయితే 148 చుక్కలకు చేరి, గొట్టం ముప్పాతిక నిండుతుంది. ఎండ మారలేదు. ఎండను చూచే కన్ను మారింది. కొలమానం ప్రకృతి ప్రసాదం కాదు, మనుషుల ఒప్పందం. స్వీడన్ శాస్త్రజ్ఞుడు సెల్సియస్ 1742లో ప్రతిపాదించిన మానంలో నీరు మరిగేది సున్నా వద్ద, గడ్డకట్టేది నూరు వద్ద. 1744లో ఆయన మరణించిన తరువాతనే అది నేటి రూపానికి తిరగబడింది.

ఎరుపు విషయంలోనూ అంతే. భారత వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతాలలో వడగాలులను ప్రకటించాలంటే గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరాలి. కొండ ప్రాంతాలకు ఆ హద్దు 30. సముద్రతీరానికి 37 డిగ్రీలు చాలు, అయితే అది సాధారణం కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ కావాలి. తీరంలో గాలి తేమతో నిండి ఉండడంవల్ల చెమట ఆరదు. చెమట ఆరనిదే దేహం చల్లబడదు. కనుక మైదానపు పట్టణానికి గీసిన బొమ్మను వజ్రపుకొత్తూరుకు తెచ్చి తగిలిస్తే, 38 డిగ్రీల నాడు అది నిశ్చింతగా పచ్చరంగు చూపుతుంది. మార్చుకొనే వీలున్న బొమ్మను మార్చకుండా వాడడం ఇక్కడ కేవలం బద్ధకం కాదు.

ఉద్దానంలో వేడికంటే భయంకరమైన కొలత మరొకటి ఉంది. ఎన్నో ఏళ్లుగా అక్కడి పల్లెలను మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్నది. మధుమేహం, రక్తపోటు వంటి సాధారణ కారణాలు లేనివారికీ అది వస్తున్నది. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు తోటలలోనూ ఇటువంటి వ్యాధే కనబడింది. మండుటెండలో ఒడలు వంచి పనిచేసేవారి దేహంలో మాటిమాటికీ నీరు తగ్గిపోవడం అక్కడి అనుమానాలలో ముఖ్యమైనది. ఉద్దానంలో నీటినీ, ఎండనూ, నొప్పిమాత్రలనూ, పురుగుమందులనూ శంకించారు గాని కారణం నేటికీ నిశ్చయంగా తేలలేదు. హిరమండలం జలాశయంనుండి గొట్టాల ద్వారా మంచినీటిని తెచ్చే పథకమూ, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన మూత్రపిండాల పరిశోధన కేంద్రమూ 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

ఈ సీమలో క్రియాటినిన్ అన్న మాట వైద్యుల నోట మాత్రమే ఉండేది కాదు. కండరాలనుండి పుట్టే ఈ వ్యర్థాన్ని మూత్రపిండాలు వడగట్టి పంపివేస్తాయి. అవి సన్నగిల్లితే అది రక్తంలో నిలిచిపోతుంది. ఆరోగ్యవంతులలో డెసిలీటరు రక్తానికి ఇంచుమించు ఒక మిల్లీగ్రాము ఉంటుంది. దీనిని థర్మామీటరు బొమ్మలో చూపాలంటే ఎవరికైనా మొదట తోచేది 0 నుండి 10 వరకు గొట్టం గీయడమే. ఆ గొట్టంలో ఒకటినుండి రెండుకు 20 చుక్కలు. అయిదునుండి ఆరుకూ 20 చుక్కలే. దేహంలో జరిగేది అలా కాదు. స్థూలంగా, క్రియాటినిన్ రెట్టింపయితే మూత్రపిండాల శక్తి సగమవుతుంది. ఒకటినుండి రెండుకు పెరిగినప్పుడు నూటికి యాభై వంతుల శక్తి పోయింది. అయిదునుండి ఆరుకు పెరిగినప్పుడు పోయేది మొదటి శక్తిలో నూటికి మూడు వంతులు. అంటే మనిషిని కాపాడుకొనే అవకాశమున్న దశలో ద్రవం కదిలీ కదలనట్లుంటుంది. చేయి దాటిన తరువాత మాత్రం చకచకా ఎగబాకుతుంది. లెక్క తప్పులేని ఆ బొమ్మ చూచేవారిని తప్పుదారి పట్టిస్తుంది.

దీనికి ఉపాయాలు లేకపోలేదు. 1, 2, 4, 8 గీతలు సమదూరంలో ఉండేట్లు సంవర్గమాన కొలమానం వాడవచ్చు. పైథాన్‌లో అది ఒక్క మాట మార్పు. లేదా మూత్రపిండాలు నిమిషానికి వడగట్టే పరిమాణాన్ని, వైద్యులు జీఎఫ్ఆర్ అనేదానిని, లెక్కగట్టి చూపవచ్చు. అప్పుడు ద్రవం పెరగడం కాదు, తరగడం ప్రమాదం. 60కి దిగువన మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘవ్యాధి, 15కి దిగువన చివరి దశ. ఎరుపును పైకొసన కాక బుడ్డివైపు వేయాలి. ఇంకొక మెలిక ఉంది. కండ తక్కువైన బక్కపలచని కూలివానిలో క్రియాటినిన్ మొదటే తక్కువగా పుడుతుంది. అతనికి 1.2 అన్న అంకె, కండలు తిరిగిన వానికి ఉన్నంత నిర్భయమైనది కాదు. కనుక ఒకే ఎర్ర గీత అందరికీ సరిపడదు.

ఆ గీతకు జీవనాధారం కూడా ముడిపడి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో, ఇంకా డయాలసిస్‌కు చేరని మూత్రపిండ రోగుల పింఛనుకు నిర్ణయించిన కొలతలలో క్రియాటినిన్ 5 దాటడం ఒకటి, జీఎఫ్ఆర్ 15కి లోబడడం మరొకటి. ప్రభుత్వానికి ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. కాని తెరమీద 4.9కీ 5.1కీ మధ్య దూరం నాలుగు చుక్కలు. ఆ నాలుగు చుక్కలలో ఒక ఇంటి బియ్యమూ, ఆసుపత్రికి పోయే బస్సు ఖర్చూ ఇమిడి ఉంటాయి. రంగు మారినంత మాత్రాన సరిపోదు, అంకెనూ ప్రక్కన ముద్రించాలి. ఎరుపు, పచ్చ రంగుల భేదం తెలియని కన్నులవారికీ అది ఉపకరిస్తుంది.

ఇటువంటి చిత్రాల కోసమే అన్నట్లు, న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్ అనే గణాంక భాషలో ఒక సదుపాయం ఉంది. పటం మీద కోరిన చోటులన్నింటా చిన్నచిన్న థర్మామీటర్లను నిలబెట్టమంటే అది నిలబెడుతుంది. ఎంత భాగం నిండాలో సున్నాకూ ఒకటికీ మధ్య ఒక భిన్నంగా చెబితే చాలు. ఉద్దానం పటం మీద ఏడు మండలాలకు ఏడు గొట్టాలు నిలబెట్టి, పరీక్షించినవారిలో వ్యాధి ఉన్నవారి భాగాన్ని నింపవచ్చు. ఎవరూ రక్తపరీక్ష చేయని ఊరు ఒకటి ఉంటే దానికేమి గీయాలన్నది మిగిలిన ప్రశ్న. సున్నా అని రాస్తే అక్కడ ఖాళీ గొట్టం నిలుస్తుంది, చూచినవారు ఆ ఊరు ఆరోగ్యంగా ఉందనుకొని ముందుకు సాగిపోతారు. ఆ ఊరికి గొట్టం గీయకుండా, చుక్కల గీతతో చట్రం మాత్రం వేసి, ‘ఇంకా పరీక్షించలేదు’ అని ప్రక్కన రాయవలసి ఉంటుంది.