అలిగిన గిటారిస్టు

బ్లర్ అనే ఇంగ్లిష్ బ్యాండు పేరు మీరు వినకపోయినా, వాళ్ళ పాట ఒకటి మీ చెవిన పడే ఉంటుంది. ‘ఫిఫా రోడ్ టు వరల్డ్ కప్ 98’ అనే కంప్యూటర్ గేమ్ ఆడినవాళ్ళకైతే మరీను. ముందు డ్రమ్ములు మొదలవుతాయి. వాటి మీదికి సన్నగా ఓ గిటారు వస్తుంది. బుద్ధిగానే ఉందే అనుకునేలోపు ఓ వెర్రికేక, దాని వెనకే చెవులు చిల్లులు పడే మోత. బేస్ గిటారు కూడా గొంతు చించుకుంటుంది. రెండు నిమిషాల రెండు సెకన్లలో అంతా సరి!

ఈ గోల చేసినవాళ్ళు అంతకు రెండేళ్ళ ముందు ఎంత నీటుగా ఉండేవారో చెబితే మీరు నమ్మరు.

కాల్చెస్టర్‌లో ఒకే బడిలో చదువుకున్న ఇద్దరు స్నేహితులు డేమన్ ఆల్బర్న్, గ్రాహం కాక్సన్. ఒకరిది గొంతు, ఒకరిది గిటారు. బేస్ గిటారుకు అలెక్స్ జేమ్స్, డ్రమ్ములకు డేవ్ రౌన్‌ట్రీ జత కలిశారు. 1992లో అమెరికా వెళ్ళి నెలల తరబడి ఊళ్ళు తిరిగితే అక్కడ పట్టించుకున్న నాథుడు లేడు. అక్కడ అప్పుడంతా నిర్వాణా బ్యాండు జోరు. ఆల్బర్న్‌కు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి, ‘మీ అమెరికా మాకక్కర్లేదు, మా వీధులూ మా టీ కప్పులూ మాకున్నాయి’ అన్న ధోరణిలో అచ్చ ఇంగ్లిష్ పాటలు కట్టాడు. 1994లో వచ్చిన ‘పార్క్‌లైఫ్’ ఆల్బమ్ దేశాన్ని ఊపేసింది. మరుసటి ఏడాది బ్రిట్ సంగీత అవార్డులు నాలుగు వీళ్ళే ఎగరేసుకుపోయారు.

ఇక 1995 ఆగస్టు. బ్లర్ పాట ‘కంట్రీ హౌస్’, పోటీ బ్యాండు ఒయాసిస్ పాట ‘రోల్ విత్ ఇట్’ ఒకే రోజు బజారులోకొచ్చాయి. మన దగ్గర సంక్రాంతికి రెండు పెద్ద సినిమాలు ఢీకొంటే ఎట్లా ఉంటుందో అట్లా! టీవీ వార్తల్లో కూడా అదే చర్చ. బ్లర్ 2,74,000 కాపీలు, ఒయాసిస్ 2,16,000. బ్లర్ గెలిచింది. కానీ ఆ తర్వాత వచ్చిన ఒయాసిస్ ఆల్బమ్ అమ్మకాల ముందు బ్లర్ ఆల్బమ్ ఎక్కడా నిలబడలేదు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత ఉండనే ఉందిగా.

అందరికంటే ఎక్కువ చిరాకుపడ్డది కాక్సన్. ఆ బాకాలూ, ఆ వేషాలూ, టీనేజీ పిల్లల కేకలూ అతనికి బొత్తిగా గిట్టలేదు. ఇంట్లో కూర్చుని పేవ్‌మెంట్ లాంటి అమెరికన్ బ్యాండ్లు వినేవాడు. సోకులు లేని, గరగరలాడే, ఎక్కడో శ్రుతి తప్పినా ఖాతరు చేయని సంగీతం అది. చివరికి ఆల్బర్న్‌కు ఉత్తరం రాశాడు. మళ్ళీ జనాన్ని జడిపించే సంగీతం చేద్దామని అందులో సారాంశం.

ఆల్బర్న్ ఏం చేయాలి చెప్పండి? పాటలు రాసేది తను. పేరు తనది. పైగా అమెరికాను నాలుగేళ్ళుగా తిట్టిపోస్తున్నవాడాయె. ‘నాకు చెప్పేంతటివాడివా’ అనొచ్చు. అనలేదు. స్నేహితుడు మెచ్చిన ఆ పాటలు తనూ విన్నాడు, వాటి రుచి పట్టాడు. 1996లో లండన్‌లో రికార్డింగు మొదలుపెట్టి, కొంత పని ఐస్‌లాండ్‌లోని రేక్యావిక్‌లో చేశారు. ప్రొడ్యూసర్ మాత్రం మునుపటి స్టీఫెన్ స్ట్రీటే. బాకాలు, వయొలిన్ హంగులు పక్కకు పోయాయి. వీధిలో మనుషుల మీద వేసే వెటకారం పాటలూ తగ్గిపోయాయి. గిటారు ముందుకొచ్చింది. ఐదో ఆల్బమ్‌కు బ్యాండు పేరే పెట్టారు: ‘బ్లర్’.

ఈ దెబ్బతో అభిమానులు పారిపోతారని పత్రికలు జోస్యం చెప్పాయి. కానీ 1997 జనవరిలో ‘బీటిల్‌బమ్’ సింగిల్, ఫిబ్రవరిలో ఆల్బమ్, రెండూ బ్రిటన్‌లో ఒకటో స్థానానికి ఎక్కి కూర్చున్నాయి.

ఇంక మన వెర్రికేక సంగతి. మొదట ఆల్బర్న్ దాన్ని నెమ్మదిగా కట్టాడట. వేగం పెంచి, గట్టిగా వాయిద్దామన్నది కాక్సన్. రికార్డు కంపెనీవాళ్ళ గుండెలదిరేలా ఇదే సింగిల్‌గా వేయమందామన్నదీ అతనే. అది వేళాకోళం. కంపెనీవాళ్ళేమో బ్రహ్మాండం అన్నారు! పని జరుగుతుండగా పిలుచుకున్న ‘సాంగ్ 2’ అన్న పేరే ఉంచేశారు. ఆల్బమ్‌లో రెండోది, రెండో సింగిల్, చార్టులోనూ రెండో స్థానమే. 1992లో మొహం తిప్పుకున్న అమెరికాలో బ్లర్ పేరు చెబితే ఇప్పటికీ జనం ఈ పాటే అందుకుంటారు.

గమనించారా, మనుషులు ఆ నలుగురే, ప్రొడ్యూసర్ ఆయనే. మారిందల్లా గదిలో ఎవరి మాట చెల్లిందన్నదే. నాకైతే ఈ ఆల్బమ్‌లో ఆల్బర్న్ పాటలకన్నా ఆల్బర్న్ స్నేహితుడి మాట వినడమే గొప్పగా తోస్తుంది. ఎదురుసాక్ష్యం కూడా ఉంది. 2002లో కాక్సన్ వెళ్ళిపోయాడు. అతను ఒక్క పాటలో మాత్రమే ఉన్న ‘థింక్ ట్యాంక్’ ఆల్బమ్ మరుసటి ఏడాది వచ్చింది. ఎంత బాగున్నా అది సగం బ్లరే. అతను తిరిగొచ్చాకే, 2009లో వాళ్ళ కచేరీకి లండన్ హైడ్ పార్క్ కిక్కిరిసింది.

మీకు తీరిక దొరికితే ‘పార్క్‌లైఫ్’ ముందు విని, ఆ వెంటనే ‘బ్లర్’ పెట్టుకోండి. కేక దగ్గరే ఆగిపోకండి. ‘యూ ఆర్ సో గ్రేట్’ దాకా రండి. బ్లర్ రికార్డు మీద కాక్సన్ ముఖ్య గాయకుడిగా పాడిన మొదటి పాట అది. బెరుకు గొంతు, గిటారు, గరగర, అంతే. ఇన్నాళ్ళూ అలిగి కూర్చున్నవాడి మాట వినాలంటే అక్కడ వినాలి.