వాట్సన్ విదూషకుడా, సహృదయుడా?

షెర్లాక్ హోమ్స్ అభిమానులు నలుగురు ఒకచోట చేరితే చర్చ ఎక్కడికి దారితీస్తుందో చెప్పనక్కరలేదు. తెరమీద అసలైన హోమ్స్ ఎవరు? బాసిల్ రాత్‌బోనా, జెరెమీ బ్రెట్టా, బెనెడిక్ట్ కంబర్‌బాచా? మా ఇంటి వసారాలోనూ ఇదే వాదం. నాతో పనిచేసి విశ్రాంతి పొందిన ఆంగ్లోపాధ్యాయుడు ఒకరు రాత్‌బోన్ పక్షం. మా అబ్బాయి కంబర్‌బాచ్ పక్షం. నేను బ్రెట్ పక్షం. కాఫీలు చల్లారిపోయేవే గాని తీర్పు తేలేది కాదు.

ఎవరి వాదానికి ఉండే బలం దానికున్నది. రాత్‌బోన్ 1939 నుండి 1946 వరకు 14 చిత్రాలలో హోమ్స్‌గా నటించాడు. స్ట్రాండ్ పత్రికలో 1891 నుండి సిడ్నీ పాజెట్ గీసిన బొమ్మ ప్రాణం పోసుకొని లేచివచ్చినట్లుంటాడు. బ్రెట్ 1984 నుండి 1994 వరకు గ్రనాడా టెలివిజన్‌వారి 41 భాగాలలో నటించాడు. హోమ్స్‌లోని చురుకుదనాన్నే గాక, పనిలేనప్పుడు ఆవరించే చీకటిని కూడ చూపించాడు. కంబర్‌బాచ్ 2010–2017 నడుమ వచ్చిన ధారావాహికలో నేటి లండన్‌లో తిరుగుతాడు. “నాన్నగారూ, 1887 నాటి నవలలో వాట్సన్ అఫ్గాన్ యుద్ధంలో గాయపడి తిరిగివచ్చాడు. ఇందులోనూ అక్కడినుండే వచ్చాడు. కాలం మారినా కథ చెడలేదు కదా!” అంటాడు మా అబ్బాయి. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు.

అయితే ఇన్నేళ్లకు నాకు తోచిందేమంటే, మేము ముగ్గురమూ చూడవలసినవానిని చూడకుండా వాదించుకొన్నాము. హోమ్స్ ఎవరన్నది కాదు, పక్కన నిలిచిన వాట్సన్ ఎవరన్నది అసలు ప్రశ్న.

కోనన్ డాయల్ రాసిన హోమ్స్ కథలు 56, నవలలు 4. ఈ 60లో 56 వాట్సన్ నోట విన్నవే. హోమ్స్ స్వయంగా చెప్పుకొన్నవి రెండే. అందులో ఒకదానిలో, కలం చేతబట్టిన తరువాత గాని తన మిత్రుని కష్టం తెలియలేదన్నట్లు ఒప్పుకొంటాడు. అంటే మనకు తెలిసిన హోమ్స్ వాట్సన్ కంటితో చూసిన హోమ్స్. కావ్యాభ్యాసంచేత అద్దంవలె నిర్మలమైన మనస్సు గలవాడు సహృదయుడని అభినవగుప్తుని మాట. వాట్సన్ అటువంటివాడు. తనకు అంతుపట్టని ప్రతిభను అసూయ లేకుండా చూసి ఆనందించగలవాడు.

రాత్‌బోన్ చిత్రాలలో నైజెల్ బ్రూస్ ధరించిన వాట్సన్ అటువంటివాడు కాడు. తడబడతాడు, గొణుగుతాడు, నవ్విస్తాడు. సహృదయుడు కాస్తా విదూషకుడైనాడు. నేనీ మాటంటే మా ఆంగ్ల మాస్టారు ఊరుకోరు. “పంతులుగారూ, శాకుంతలంలో విదూషకుడు ఉండగా లేని తప్పు ఇక్కడ వచ్చిందా?” అంటారు. రాజు గొప్పతనం విదూషకుని సాక్ష్యంమీద ఆధారపడలేదండీ, ఇక్కడ సాక్షి ఒక్కడే, ఆ సాక్షినే తెలివితక్కువవాణ్ణి చేస్తే ఎవరి మాట నమ్మాలి, అంటాను నేను. గ్రనాడావారి డేవిడ్ బర్క్, అతని తరువాత వచ్చిన ఎడ్వర్డ్ హార్డ్‌విక్ ఆ మర్యాదను తిరిగి నిలబెట్టారు. 1979–1986 నడుమ రష్యన్‌లో వాసిలీ లివనోవ్ సరసన నటించిన విటాలీ సొలోమిన్ కూడ అంతే. నేటి వాట్సన్ మార్టిన్ ఫ్రీమన్ అయితే మిత్రుని సాహసాలను బ్లాగులోనే రాసుకొంటాడు. మనవాడే!

నా పక్షానికీ ఒక లోటున్నది. ‘త్రీ గారిడెబ్స్’ కథలో వాట్సన్‌కు తుపాకి గుండు తగులుతుంది. హోమ్స్ కంగారుపడతాడు, పెదవులు వణుకుతాయి. ఆ మేధ వెనుక ఎంత పెద్ద హృదయమున్నదో వాట్సన్‌కు అప్పుడు తెలుస్తుంది. 1994లో ఆ కథను మరొకదానితో కలిపి తీసినప్పుడు బ్రెట్ అస్వస్థుడు. అతని పనిని అన్న మైక్రాఫ్ట్ పాత్రకు అప్పగించవలసివచ్చింది. ఆ ఘట్టంలో బ్రెట్‌ను చూసే భాగ్యం మనకు దక్కలేదు.

ఇదంతా ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకనాడు బ్రూస్ తడబాటు చూసి మా వాళ్లంతా నవ్వుతుంటే నాకు మాత్రం నవ్వు రాలేదు. నా తరగతి గది జ్ఞాపకం వచ్చింది.

ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో తొమ్మిదవ తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. సరళాదేశ సంధి అంటే చాలు, తప్పు చెప్పేవాడు. నేను ప్రతిరోజూ ముందు అతనినే లేపేవాణ్ణి. అతడు తప్పు చెప్పడం, తరగతి గొల్లుమనడం, ఆపైన నేను సూత్రం చదివి వివరించడం. నా పాండిత్యం ప్రకాశించడానికి నాకొక నైజెల్ బ్రూస్ కావలసివచ్చాడు. అది బోధన అనుకొన్నాను.

ఉద్యోగ విరమణ తరువాత బస్టాండులో ఒక నడివయస్కుడు వంగి నా కాళ్లకు నమస్కరించాడు. పక్కనున్న భార్యతో, “మా తెలుగు మాస్టారు. నాకేమీ రాకపోయినా క్లాసులో మొదట నన్నే అడిగేవారు” అని గర్వంగా చెప్పాడు.

నాకు నోట మాట రాలేదు. ఊరిపేరు అడిగి, పిల్లల చదువులు అడిగి, బస్సెక్కాను.

అతని కథలో నేను మంచి గురువును. వాట్సన్‌లందరూ అలాగే చెబుతారు. కాబట్టి ఇకమీదట ఎవరైనా మీకు ఏ హోమ్స్ ఇష్టమని అడిగితే, వాట్సన్‌ను చూసి నవ్వనివాడు అని చెప్పదలచుకొన్నాను.